ఎన్‌వీఎంఈ డ్రైవ్ వేడెక్కుతుంటే: హీట్‌సింకా, ఫ్యానా, స్లాట్ మార్పా, కొత్త డ్రైవా?

డెస్క్‌టాప్‌లో ఎన్‌వీఎంఈ డ్రైవ్ (ఫైళ్లు దాచే వేగవంతమైన ఎస్‌ఎస్‌డీ రకం) 80 డిగ్రీలకు చేరిందని తెలియగానే చాలామంది చేసే మొదటి పని ఆన్‌లైన్‌లో హీట్‌సింక్, అంటే చిప్పుల మీద బిగించే లోహపు పలక, ఆర్డర్ పెట్టడం. అది తగిలించాక నాలుగైదు డిగ్రీలు తగ్గుతుంది. ఎండలు ముదిరేసరికి మళ్లీ అదే ఫిర్యాదు. హీట్‌సింక్ వేడిని మింగేయదు. చిప్పు మీంచి తీసుకుని చుట్టూ ఉన్న గాలికి అప్పజెబుతుంది, అంతే. ఆ గాలి కదలకుండా నిలిచిపోయి ఉంటే, లేదా అది గ్రాఫిక్స్ కార్డు వదిలిన సెగే అయితే, ఎంత పెద్ద అల్యూమినియం దిమ్మె పెట్టినా ఒరిగేదేమీ ఉండదు. కాబట్టి డబ్బు తీసే ముందు వేడి ఎక్కడి నుంచి వస్తోందో తేల్చుకోవాలి. అందుకు ఓ గంట సమయం, ఒక టేబుల్ ఫ్యాన్, ఒకటి రెండు ఉచిత సాఫ్ట్‌వేర్లు చాలు.

ఇదంతా ప్రధానంగా మదర్‌బోర్డ్ మీదుండే ఎం.2 స్లాట్‌లో కూర్చునే ఎన్‌వీఎంఈ డ్రైవుల గొడవ. కేబుల్‌తో తగిలించే 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ పని చేసేటప్పుడు కూడా 2 నుంచి 4 వాట్ల దగ్గరే ఉంటుంది, వేగం సెకనుకు 550 ఎంబీ చుట్టుపక్కలే ఆగుతుంది, పైగా పెద్ద పెట్టె కాబట్టి చల్లారడానికి చోటుంటుంది. సాటా డ్రైవ్ 60 దాటిందంటే తప్పు సాధారణంగా డ్రైవ్‌ది కాదు. దాన్ని మదర్‌బోర్డ్ వెనక పలకకు, సరిగ్గా ప్రాసెసర్ వీపు వెనక బిగించి ఉంటారు. అక్కడి నుంచి తీసి ముందువైపు ట్రేలో పెడితే సరిపోతుంది. ఎన్‌వీఎంఈ సంగతి వేరు. 22 మి.మీ. వెడల్పు, 80 మి.మీ. పొడవున్న చిన్న ముక్క మీద జెన్4 (పీసీఐ ఎక్స్‌ప్రెస్ నాలుగో తరం) డ్రైవులు 5 నుంచి 8 వాట్లు, మొదటి తరం జెన్5 డ్రైవులు 10 వాట్లకు పైగా వదులుతాయి. అందులోనూ పెద్ద భాగం డ్రైవ్ పనిని నడిపించే గోరంత కంట్రోలర్ చిప్పు ఒక్కదాని నుంచే వస్తుంది.

ఎంత వేడి అంటే ఎక్కువ వేడి?

తయారీదారులు స్పెసిఫికేషన్లలో రాసే పని ఉష్ణోగ్రత సాధారణంగా 0 నుంచి 70 డిగ్రీలు. డ్రైవ్ తనంతట తాను వేగం తగ్గించుకునే గీత చాలా మోడళ్లలో ఇంకాస్త పైన ఉంటుంది. డ్రైవ్‌లోనే రెండు హద్దులు రాసి ఉంటాయి: ఒకటి హెచ్చరిక, రెండోది ప్రమాదం. శాంసంగ్ 980 ప్రోలో అవి 82, 85. పాత 970 ఈవోలో రెండూ 85. మీ డ్రైవ్ హద్దులు తెలుసుకోవాలంటే స్మార్ట్‌మాన్‌టూల్స్ అనే ఉచిత సాధనం విండోస్‌లోనూ లైనక్స్‌లోనూ పని చేస్తుంది. అదే నివేదికలో హెచ్చరిక హద్దు, ప్రమాద హద్దు దాటి డ్రైవ్ మొత్తం ఎన్ని నిమిషాలు గడిపిందో రెండు వరుసల్లో ఉంటుంది. ముందు చూడాల్సింది ఈ నిమిషాలనే. ఈ రోజు 74 చూపిస్తున్న డ్రైవ్ ఆ లెక్కలో సున్నా చూపిస్తే ఇంతవరకు హెచ్చరిక హద్దు దాటలేదన్నమాట. వందల నిమిషాలు ఉంటే మీకు తెలియకుండా చాలాకాలంగా ఉడుకుతోందన్నమాట.

సెన్సర్ల అంకెలు చూపే హెచ్‌డబ్ల్యూఇన్ఫో ప్రోగ్రామ్ తెరిస్తే ఒకే డ్రైవ్‌కి రెండు మూడు ఉష్ణోగ్రతలు కనిపించి కంగారు పెడతాయి. మొదటిది కాంపోజిట్, అంటే డ్రైవ్ అధికారికంగా తన ఉష్ణోగ్రతగా చెప్పుకునేది. హద్దులు దీనికే వర్తిస్తాయి. మిగతావి విడివిడి సెన్సర్లు. కంట్రోలర్ పక్కనున్న సెన్సర్ కాంపోజిట్ కంటే పది పదిహేను డిగ్రీలు ఎక్కువ చూపించడం మామూలే. దాన్ని చూసి డ్రైవ్ పోయిందనుకోకండి. మరోవైపు, కొన్ని చవక డ్రైవులు ఏం చేసినా 40 అనే ఒకే అంకె చూపిస్తాయి. వాటిలో సెన్సరే ఉండదు. అంకె కదలకపోతే దాన్ని నమ్మొద్దు.

కాంపోజిట్ 60 లోపు ఉంటే మరిచిపోండి. 60 నుంచి 70 మధ్య ఉంటే ఎండాకాలంలో ఓ కన్నేయండి. 70 నుంచి 80 అయితే తీరిక చూసుకుని సరిచేయండి. 80 దాటితే ఇవాళే. 35కి తెచ్చి తీరాలని పట్టుబట్టి ఖర్చు పెట్టడంలో మాత్రం అర్థం లేదు, ఫ్లాష్ చిప్పులకు మరీ చల్లదనంతో పని లేదు. వేడి అసలు నష్టం చేసేది కరెంటు లేకుండా దాచిపెట్టిన డ్రైవ్‌కి. మామూలు వినియోగ ఎస్‌ఎస్‌డీలకు చిప్పుల ప్రమాణాల సంస్థ జేడెక్ పెట్టే షరతు, వాడి వాడి అరిగిన డ్రైవ్ కూడా కరెంటు లేకుండా 30 డిగ్రీల దగ్గర ఏడాది పాటు డేటా నిలబెట్టాలని. రేకుల గది అటక మీద పడేసిన పాత ఎస్‌ఎస్‌డీలో పెళ్లి ఫోటోలు ఉంటే వాటి గురించి ముందు ఆలోచించండి.

గది వేడిని తీసేసి లెక్కపెట్టండి

ఇంటర్నెట్‌లో కనిపించే హీట్‌సింక్ సమీక్షలు చాలావరకు 22, 25 డిగ్రీల గదుల్లో చేసినవి. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో విజయవాడలోనో రామగుండంలోనో ఏసీ లేని గది 38, 40 డిగ్రీల దగ్గర ఉంటుంది. వాళ్ల 62 మీకు నేరుగా 77 అవుతుంది. అందుకే డ్రైవ్ చూపే అంకెలోంచి గది ఉష్ణోగ్రత తీసేసి, మిగిలిన తేడాతోనే బేరీజు వేయాలి. గది 28 ఉన్నప్పుడు ఖాళీగా ఉన్న డ్రైవ్ 45 చూపించినా, గది 38 ఉన్నప్పుడు 55 చూపించినా తేడా 17 డిగ్రీలే. డ్రైవ్‌లో కొత్తగా ఏ తేడా రాలేదు, బయట ఎండ పెరిగిందంతే. పనేమీ లేనప్పుడు ఈ తేడా 10 నుంచి 20 వరకు మామూలు. 25 దాటితే కారణం వెతకాలి.

నాలుగు పరీక్షలు ఈ వరుసలోనే చేయండి. ప్రతిసారీ గది ఉష్ణోగ్రత, డ్రైవ్ ఉష్ణోగ్రత కాగితం మీద రాసుకోండి.

ఒకటి. కంప్యూటర్ ఆన్ చేసి ఏమీ తెరవకుండా ఇరవై నిమిషాలు వదిలేసి అంకె చూడండి. టాస్క్ మేనేజర్‌లో డిస్క్ వాడకం సున్నాకి దగ్గరగా ఉండాలి. యాంటీవైరస్ స్కానో, క్లౌడ్ సింకో నడుస్తుంటే అది పూర్తయ్యాక చూడాలి.

రెండు. వంద జీబీ దాకా పెద్ద ఫైళ్లను ఆ డ్రైవ్‌లోకి కాపీ చేయండి. అదే వేగమున్న మరో డ్రైవ్ నుంచైతే మంచిది. యూఎస్‌బీ హార్డ్ డిస్క్ నుంచి చేస్తే డ్రైవ్‌కి చెమట కూడా పట్టదు. ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. కాపీ మధ్యలో వేగం పడిపోతే అది వేడి వల్లేనని అనుకుంటారు. టీఎల్‌సీ (ఒక్కో సెల్‌లో మూడు బిట్లు దాచేవి), క్యూఎల్‌సీ (నాలుగు బిట్లు దాచేవి) డ్రైవులు మొదట రాతను ఎస్‌ఎల్‌సీ క్యాష్ అనే వేగవంతమైన తాత్కాలిక జాగాలోకి తీసుకుంటాయి. అది నిండగానే అసలు వేగానికి దిగిపోతాయి. చవక క్యూఎల్‌సీ డ్రైవైతే హార్డ్ డిస్క్ కంటే నెమ్మదిగా కూడా పాకుతుంది. రెండింటినీ విడదీసి చెప్పేది ఉష్ణోగ్రతే. వేగం పడినప్పుడు డ్రైవ్ 60 దగ్గర ఉండి, ఆ తక్కువ వేగం అలాగే నిలకడగా కొనసాగితే క్యాష్ అయిపోయిందన్నమాట. దానికి ఏ హీట్‌సింకూ మందు కాదు. ఉష్ణోగ్రత 80 దాటి, వేగం రంపపు పళ్లలా పడుతూ లేస్తూ ఉంటే అది వేడి దెబ్బ.

మూడు. డిస్క్‌ని ఊరికే ఉంచి గ్రాఫిక్స్ కార్డు మీద బరువు వేయండి. ఆట ఒకటి ఇరవై నిమిషాలు నడపండి, లేదా కార్డుని పరీక్షించే ఫర్‌మార్క్ ప్రోగ్రామ్ వాడండి. డిస్క్‌కి పని లేకపోయినా దాని వేడి 12, 15 డిగ్రీలు పెరిగితే దోషి పక్కింటివాడు.

నాలుగు. క్యాబినెట్ పక్క పలక తీసి, టేబుల్ ఫ్యాన్‌ని రెండు అడుగుల దూరంలో పెట్టి, రెండో పరీక్షను మూడో పరీక్షను మళ్లీ చేయండి. పది డిగ్రీలకు మించి తగ్గిందంటే లోపం గాలి ఆడకపోవడంలో ఉంది, కొనాల్సింది ఫ్యాన్. రెండు మూడు డిగ్రీలే తగ్గిందంటే వేడి చిప్పు మీంచి బయటికే రావడం లేదు. అప్పుడు హీట్‌సింక్ లేకపోవడమో, ఉన్నా సరిగ్గా ఆనకపోవడమో కారణం.

ఈ నాలుగో పరీక్ష ఫలితం చేతిలో లేకుండా కింది వాటిలో ఏదీ కొనకండి.

ఖర్చు లేని దారులు

బోర్డుతోనే వచ్చిన హీట్‌సింక్ ఉంటే ముందు దాన్ని విప్పి చూడండి. చిప్పుకీ లోహానికీ మధ్య మెత్తగా ఉండే థర్మల్ ప్యాడ్ మీద సన్నటి ప్లాస్టిక్ పొర, నీలమో పారదర్శకమో, అలాగే ఉండిపోవడం అన్నిటికంటే తరచుగా కనిపించే తప్పు. కంప్యూటర్ జోడించిన దుకాణంవాళ్లు కూడా మరిచిపోతారు. పొర తీసేశాక ప్యాడ్ మీద చిప్పుల అచ్చు పడిందో లేదో చూడండి. ఫ్లాష్ చిప్పుల అచ్చు ఉండి కంట్రోలర్ చోట నున్నగా ఉంటే, అసలు వేడి పుట్టే చోటే ప్యాడ్ తాకడం లేదు.

విప్పేటప్పుడు ఓ జాగ్రత్త. పాత ప్యాడ్ జిగురులా పట్టేసి ఉంటుంది. పైకి లాగితే డ్రైవ్ కూడా వంగి లేస్తుంది. కంప్యూటర్‌ని పది నిమిషాలు నడిపి, ఆపి, ప్లగ్ తీసి, ప్యాడ్ ఇంకా వెచ్చగా ఉండగానే హీట్‌సింక్‌ని అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ ఊడదీయండి.

ఖాళీగా ఉన్నా వేడిగానే ఉండే డ్రైవుల్లో చాలావాటికి కారణం విండోస్ పవర్ సెట్టింగ్. హై పెర్ఫార్మెన్స్ ప్లాన్‌లో పీసీఐ ఎక్స్‌ప్రెస్ కింద లింక్ స్టేట్ పవర్ మేనేజ్‌మెంట్ ఆఫ్‌లో ఉంటుంది. అంటే డ్రైవ్ నిద్రపోదు. దాన్ని మోడరేట్‌కి మార్చి అరగంట తర్వాత చూడండి. వెస్టర్న్ డిజిటల్ డ్యాష్‌బోర్డ్‌లో గేమ్ మోడ్, శాంసంగ్ మెజీషియన్‌లో ఫుల్ పవర్ మోడ్ కూడా ఇదే పని చేస్తాయి: పనిలేని డ్రైవ్‌ని మేలుకొలిపి కూర్చోబెడతాయి. వాటిని ఆపేస్తే ఆటల్లో తేడా కంటికి కనిపించదు.

ఇంకొకటి ఉంది, ఎవరూ పెద్దగా చెప్పరు. బోర్డు సెట్టింగులుండే బయాస్‌లో ఎం.2 స్లాట్ వేగాన్ని ఆటో నుంచి ఒక మెట్టు కిందికి, జెన్5ని జెన్4కో, జెన్4ని జెన్3కో దించవచ్చు. జెన్3లో కూడా సెకనుకు 3,500 ఎంబీ వరకు వస్తుంది. విండోస్ తెరుచుకోవడం, బ్రౌజర్, ట్యాలీ, ఫోటోషాప్, చాలా ఆటలు, వీటిలో తేడా పసిగట్టడం కష్టం. నష్టపోయేది రోజూ వందల జీబీ వీడియో ఫైళ్లు అటూ ఇటూ మార్చేవాళ్లే. మిగతావాళ్లకు ఎండాకాలం రెండు నెలలు ఇలా నడిపి వానలు పడ్డాక తిరిగి ఆటోలో పెట్టుకోవడం చక్కటి ఉపాయం.

క్యాబినెట్ ఉన్న చోటు కూడా చూడండి. కంప్యూటర్ టేబుల్ కింద తలుపున్న అరలో, పక్కన యూపీఎస్, వెనక గోడ నాలుగంగుళాల దూరంలో ఉంటే లోపలికి వెళ్లేది బయటికి వదిలిన గాలే. ఆ తలుపు తీసి వారం పాటు చూశాకే మిగతా ఆలోచన.

హీట్‌సింక్: ఎప్పుడు పనికొస్తుంది, ఎప్పుడు రాదు

యాభై గ్రాముల అల్యూమినియం ముక్క ఒక డిగ్రీ వేడెక్కడానికి సుమారు 45 జౌళ్లు తీసుకుంటుంది. డ్రైవ్ 6 వాట్లు వదులుతుంటే నిమిషానికి 360 జౌళ్లు. అంటే గాలి అసలు ఆడకపోయినా ఆ ముక్క మొదటి నిమిషంలో ఎనిమిది డిగ్రీలే పెరుగుతుంది. ఆట లోడయ్యేందుకు, పది ఇరవై జీబీ ఫైలు కాపీకి ఇది పుష్కలం. అదే పని పది నిమిషాలు సాగితే ముక్క నిండిపోతుంది. మందపాటి దోసె పెనం కాలడానికి ఆలస్యం చేస్తుంది కానీ పొయ్యి మీంచి దించకపోతే చివరికి పల్చటి పెనమంతే కాలుతుంది. చిన్న చిన్న పనులకు హీట్‌సింక్ బరువు కాపాడుతుంది, ఎడతెగని పనులకు దాని రెక్కల మధ్య నడిచే గాలే దిక్కు.

కాబట్టి బోర్డు హీట్‌సింక్ లేని స్లాట్‌లో జెన్4 డ్రైవ్ ఉంటే మామూలు పలక రకం హీట్‌సింక్ కొనండి. మూడు నాలుగు వందల రూపాయల రకాలు చాలు. బోర్డు హీట్‌సింక్ ఉన్నవాళ్లు దాన్ని తీసి ఇంకోటి కొనడం వల్ల వచ్చే లాభం కొద్దిగానే, అదీ బోర్డుది రెక్కల్లేని ఉత్త అలంకారపు రేకు అయితేనే. బీ క్వైట్ ఎంసీ1 లాంటివి పొట్టిగా ఉంటాయి, గ్రాఫిక్స్ కార్డు కింద ఇముడుతాయి. థర్మల్‌రైట్ హెచ్‌ఆర్-09 లాంటివి హీట్‌పైపుతో నిలువుగా లేచే గోపురాలు. నిజంగానే బాగా చల్లబరుస్తాయి. కాకపోతే గ్రాఫిక్స్ కార్డుకీ ప్రాసెసర్ కూలర్‌కీ అడ్డం తగులుతాయి. కొనే ముందు స్లాట్ నుంచి కార్డు వీపు వరకు, కూలర్ అంచు వరకు స్కేలు పెట్టి కొలవండి.

వేలెడంత ఫ్యాన్ ఉన్న హీట్‌సింకులను మేం సిఫార్సు చేయం. అంత చిన్న ఫ్యాను గాలి తోయాలంటే నిమిషానికి వేల చుట్లు తిరగాలి, దోమలా గీ మంటుంది. మన దుమ్ముకి బేరింగ్ అరిగి మూలుగుతుంది. ఆగిపోయాక అది గాలికి అడ్డం పడే మూత మాత్రమే. మొదటి తరం జెన్5 డ్రైవ్ కొని, క్యాబినెట్‌లో వేరే దారి లేనివాళ్లకే అది.

బిగించేటప్పుడు జరిగే తప్పులు హీట్‌సింక్ ఎంపిక కంటే ఎక్కువ తేడా తెస్తాయి. ప్యాడ్ బదులు ప్రాసెసర్ థర్మల్ పేస్ట్ పూయకండి. ఇక్కడ పూడ్చాల్సిన సందు మిల్లీమీటరు దాకా ఉంటుంది, పేస్ట్ అంత మందం పట్టదు. ద్రవలోహపు పేస్టులైతే విద్యుత్తు పారించి డ్రైవ్‌నే కాల్చేస్తాయి. ప్యాడ్లు 0.5, 1, 1.5 మి.మీ. మందాల్లో దొరుకుతాయి. మందం ఎక్కువైతే మంచిదనుకుని దాన్ని కుక్కి స్క్రూ బిగిస్తే డ్రైవ్ మధ్యలో విల్లులా వంగుతుంది. రెండువైపులా చిప్పులున్న డ్రైవులకు కింద కూడా ప్యాడ్ ఉండాలి. ఒకవైపే చిప్పులున్న డ్రైవ్ కోసం బోర్డువాళ్లు కింద అంటించిన రబ్బరు ముక్కను రెండువైపుల చిప్పులున్న డ్రైవ్ పెట్టేటప్పుడు తీసేయాలి. డ్రైవ్ మీద స్టిక్కర్‌ని పీకకండి. కొన్నిట్లో అది వేడిని పరిచే రాగి రేకు, పైగా స్టిక్కర్ లేకపోతే వారంటీ ఇవ్వరు. హీట్‌సింక్‌తోనే వచ్చిన డ్రైవ్ మీద బోర్డు హీట్‌సింక్ కూడా పెట్టాలని చూడకండి, ఏదో ఒకటే.

ఎం.2 స్క్రూ పోతే టేపుతో అంటించేవాళ్లు ఉన్నారు. డ్రైవ్ చివర లేచిపోయి కాంటాక్ట్ వదులుతుంది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లాంటి కంప్యూటర్ బజార్లలో అడిగితే డ్రైవ్‌ని నిలబెట్టే స్టాండాఫ్‌తో సహా ఆ స్క్రూ దొరుకుతుంది.

క్యాబినెట్ ఫ్యాన్: చాలా ఇళ్లలో అసలు జవాబు ఇదే

నాలుగో పరీక్షలో పలక తీయగానే వేడి పడిపోయిన ప్రతి కంప్యూటర్‌కీ ముందువైపు కింద, గాలి లోపలికి లాగేలా ఒక 120 మి.మీ. ఫ్యాన్ పెట్టండి. నాలుగైదు వందలకు మామూలుది దొరుకుతుంది. డ్రైవ్‌తో పాటు గ్రాఫిక్స్ కార్డు, మదర్‌బోర్డ్‌లో ప్రాసెసర్‌కి కరెంటు అందించే వీఆర్‌ఎం కూడా చల్లబడతాయి. హీట్‌సింక్‌కి ఈ కొసరు లేదు. ఫ్యాన్ చట్రానికి అడ్డపట్టీలు, స్టిక్కర్ ఉన్న వైపు నుంచి గాలి బయటికి వెళుతుంది. కాబట్టి ఆ వైపు క్యాబినెట్ లోపలికి ఉండాలి. తిరగేసి బిగిస్తే ముందూ వెనకా రెండు ఫ్యాన్లూ గాలిని బయటికే లాగుతాయి.

ఇక్కడో మెలిక ఉంది. బోర్డు మామూలుగా క్యాబినెట్ ఫ్యాన్ వేగాన్ని ప్రాసెసర్ వేడిని బట్టి నడుపుతుంది. పెద్ద ఫైలు కాపీ చేసేటప్పుడు ప్రాసెసర్ చల్లగానే ఉంటుంది. డ్రైవ్ ఉడుకుతుంటే ఫ్యాన్ బద్ధకంగా తిరుగుతూ ఉంటుంది. బయాస్‌లో ఆ ఫ్యాన్ ఆధారాన్ని ఎం.2 సెన్సర్‌కో చిప్‌సెట్‌కో మార్చే వీలుంటే మార్చండి. లేకపోతే కనిష్ఠ వేగాన్ని 45, 50 శాతానికి పెంచండి. విండోస్‌లో ఫ్యాన్ కంట్రోల్ అనే ఉచిత ప్రోగ్రామ్ డ్రైవ్ ఉష్ణోగ్రతనే ఆధారంగా తీసుకోగలదు.

ప్రాసెసర్‌కి లిక్విడ్ కూలర్ పెట్టుకున్న వెంటనే డ్రైవ్ వేడి పెరిగిందా? ఆశ్చర్యమేమీ లేదు. పెట్టెతో వచ్చే పొట్టి కూలర్ గాలిని కిందికి, బోర్డు మీదకి ఊదుతుంది, ఆ గాలి పక్కనున్న ఎం.2 స్లాట్‌కి కూడా తగులుతుంది. లిక్విడ్ కూలర్ వచ్చాక ఆ చుట్టుపక్కల గాలి నిలిచిపోతుంది. వెనక ఒక ఎగ్జాస్ట్ ఫ్యాన్ లేని లిక్విడ్ కూలర్ క్యాబినెట్లలో ఈ ఫిర్యాదు మామూలు.

స్లాట్ మార్చడం

మూడో పరీక్షలో గ్రాఫిక్స్ కార్డు దోషి అని తేలితే, ప్రాసెసర్‌కీ కార్డుకీ మధ్య ఉన్న మొదటి స్లాట్ నుంచి డ్రైవ్‌ని కిందికి దించడం ఫ్యాన్ కంటే మెరుగు. అయితే కార్డు వదిలే సెగ నేరుగా తగిలే చోట ఉన్న రెండో స్లాట్ ఇంకా ఘోరంగా ఉండొచ్చు. వీలైతే అన్నిటికంటే కింది స్లాట్ ఎంచుకోండి.

దించే ముందు మదర్‌బోర్డ్ మాన్యువల్‌లో మూడు విషయాలు చూడాలి. ఆ స్లాట్ ఎన్‌వీఎంఈ తీసుకుంటుందా, సాటా ఎం.2 మాత్రమేనా. ఎన్ని లేన్లు, అంటే డేటా నడిచే దారులు: కొన్ని పాత చవక బోర్డుల్లో రెండో స్లాట్‌కి జెన్3 రెండు లేన్లే ఉంటాయి, వేగం సెకనుకు 1,700 ఎంబీ దగ్గర ఆగుతుంది. ఆ స్లాట్ వాడితే ఏ సాటా పోర్టులు ఆగిపోతాయి: ఇది చూడకుండా మార్చి, హార్డ్ డిస్క్ మాయమైందని గాభరా పడేవాళ్లు చాలామంది. ఇంటెల్ జడ్690, జడ్790 బోర్డుల్లో జెన్5 ఎం.2 స్లాట్ ఉంటే అందులో డ్రైవ్ పెట్టగానే గ్రాఫిక్స్ కార్డు 16 లేన్ల నుంచి 8కి దిగుతుంది. వేడి తగ్గించుకోబోయి అక్కడికి మార్చుకోకండి.

ఖాళీ ఎం.2 స్లాట్ లేకపోతే పీసీఐఈ అడాప్టర్ కార్డు ఉంది. క్యాబినెట్ కింది భాగంలో, గ్రాఫిక్స్ కార్డుకి దూరంగా, బోర్డుకి నిలువుగా నిలబడుతుంది. గాలి బాగా తగులుతుంది. నాలుగు లేన్ల స్లాట్‌లో పెట్టాలి. ఒక లేన్ చిన్న స్లాట్‌లో పెడితే జెన్3లో 1,000 ఎంబీ కూడా రాదు. చాలా పాత బోర్డులు ఎన్‌వీఎంఈ నుంచి విండోస్ బూట్ చేయలేవు, అక్కడ అడాప్టర్ డేటా డ్రైవ్‌కే పనికొస్తుంది.

డ్రైవ్ మార్చడం

ఇది చివరి మెట్టు. కానీ జెన్5 డ్రైవ్‌ని ఊరికే పేరు కోసం కొన్నవాళ్లకు ఒక్కోసారి ఇదే మొదటి మెట్టు. 2023లో వచ్చిన జెన్5 డ్రైవుల్లో చాలావాటి కంట్రోలర్ ఫైసన్ ఈ26, 12 నానోమీటర్లది. హీట్‌సింక్ లేకుండా బరువు వేస్తే కొన్ని వేగం తగ్గించుకోవడానికి బదులు ఏకంగా ఆగిపోయేవి, తర్వాత వాటి ఫర్మ్‌వేర్ (లోపలి సాఫ్ట్‌వేర్) మార్చారు. ఆ తర్వాత వచ్చిన సిలికాన్ మోషన్ ఎస్‌ఎం2508 లాంటి 6 నానోమీటర్ల కంట్రోలర్లు అదే తరం వేగాన్ని చాలా తక్కువ వేడితో ఇస్తాయి. జెన్5 కావాల్సిందే అనుకుంటే కంట్రోలర్ పేరు చూసి కొనండి.

చిన్న క్యాబినెట్, ఎండ గది, మామూలు వాడకం ఉన్నవాళ్లకు మా ఓటు సొంత డీర్యామ్ చిప్పు లేని, టీఎల్‌సీ ఫ్లాష్ ఉన్న జెన్4 డ్రైవ్‌కి: వెస్టర్న్ డిజిటల్ పేరుతో వచ్చిన ఎస్‌ఎన్770, ఎస్‌ఎన్7100 ఆ కోవలోవి. హీట్‌సింక్ లేకపోయినా చాలా పనులకు తట్టుకుంటాయి. సినిమాలు, ఫోటోలు దాచుకోవడానికి రెండో డ్రైవ్ కావాలంటే ఎన్‌వీఎంఈ గొడవే లేకుండా 2.5 అంగుళాల సాటా తీసుకోండి, క్యాబినెట్‌లో ఎక్కడ పెట్టినా వేడెక్కదు, ప్రాసెసర్ వీపు వెనక తప్ప.

ఇక ఎవరికి ఏది

ఖాళీగా ఉన్నా గదితో తేడా 25 దాటుతుంటే ముందు ప్లాస్టిక్ పొర, తర్వాత పవర్ సెట్టింగ్. పైసా ఖర్చు పెట్టకండి. ఆటలప్పుడు మాత్రమే వేడెక్కితే కింది స్లాట్, అది కుదరకపోతే ముందువైపు ఫ్యాన్. కాపీలప్పుడు మాత్రమే వేడెక్కి, పలక తీసినా తగ్గకపోతే హీట్‌సింక్. పలక తీస్తే తగ్గితే ఫ్యాన్. వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లకు హీట్‌సింకూ ఫ్యానూ రెండూ కావాలి, ఒకటి లేకుండా రెండోది సగం పనే చేస్తుంది. వేసవిలో మాత్రమే ఇబ్బంది పడేవాళ్లు బయాస్‌లో ఒక జెన్ దించుకుంటే సరి.

వీటన్నిటికీ బయట ఒక సందర్భం ఉంది. పని మధ్యలో నీలి తెర వచ్చి, తిరిగి ఆన్ చేస్తే బయాస్‌లో డ్రైవే కనిపించక, పూర్తిగా ఆపి పావుగంట చల్లార్చాక మళ్లీ ప్రత్యక్షమవుతుంటే అది ప్రమాద హద్దు తాకి తనను తాను ఆపేసుకుంటోందని అనుమానించాలి. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో 129, 11, 157 సంఖ్యల హెచ్చరికలో ఎర్రర్లో అదే సమయానికి నమోదై ఉండొచ్చు. కానీ ఇవే సంఖ్యలు స్క్రూ వదులైనా, డ్రైవ్ చావుకి దగ్గరైనా వస్తాయి. విడదీయడానికి మార్గం ఒక్కటే: పలక తీసి టేబుల్ ఫ్యాన్ గాలిలో, 60 డిగ్రీల లోపు ఉంచి నడపండి. అప్పుడూ మాయమైతే వేడి నేరం కాదు. స్క్రూ బిగించి, స్లాట్ మార్చి చూసి, అయినా అదే వరుస అయితే వారంటీకి పంపండి. పరీక్షలు మొదలుపెట్టే ముందే డేటా మొత్తం వేరే డిస్క్ మీదకి కాపీ చేసుకోండి. ఆ కాపీ కూడా ఫ్యాన్ గాలిలోనే, ఒకేసారి అంతా కాకుండా యాభై జీబీల చొప్పున, మధ్యలో చల్లారనిస్తూ చేయండి.